ఎలీషా పుచ్చుకోని వెండి

శ్రోతలందరికీ వందనాలు.

"అయ్యగారూ, దశమభాగం తప్పకుండా ఇస్తున్నాం. శుక్రవారం ఉపవాసం ఉంటున్నాం. అయినా మా అబ్బాయికి ఉద్యోగం రాలేదు. మా వైపు ఏం లోపం జరిగింది?" మన సంఘాల్లో తరచూ వినబడే ప్రశ్న ఇది. అడిగేవాళ్ల బాధ నిజం, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ ఆ ప్రశ్న వెనక ఒక లెక్క ఉంది. నేను ఇంత లోబడ్డాను కాబట్టి దేవుడు నాకు ఇంత బాకీ ఉన్నాడు అనే లెక్క. అది నన్ను చాలా కలవరపెడుతుంది.

బైబిల్లో రాజుల రెండవ గ్రంథం 5వ అధ్యాయంలో నయమాను ఉన్నాడు. సిరియా సైన్యాధిపతి, రాజు దగ్గర గొప్ప పేరున్నవాడు, కానీ కుష్ఠరోగి. ఇశ్రాయేలులో ప్రవక్త ఉన్నాడని అతని ఇంట్లో కబురు చెప్పింది ఎవరు? చెరపట్టి తెచ్చిన ఒక చిన్న పిల్ల. నయమాను బయలుదేరాడు. 10 తలాంతుల వెండి, 6,000 తులముల బంగారం, 10 జతల బట్టలు తీసుకెళ్లాడు. ఆ వెండే మన తూకంలో 300 కిలోలు దాటుతుంది. బాగుపడాలంటే ఖరీదు చెల్లించాలి కదా అనుకున్నాడు.

ఆ ప్రవక్త ఎలీషా గుమ్మం దాటి బయటికి రాలేదు. యొర్దానులో ఏడుసార్లు స్నానం చేయమని కబురు పంపాడు, అంతే. నయమానుకు కోపం వచ్చింది. దమస్కులో అబానా, ఫర్పరు నదులు లేవా అన్నాడు. అప్పుడు సేవకులు దగ్గరికొచ్చి అన్న మాట నాకెంతో ఇష్టం. నాయనా, ఆయన ఏదైనా గొప్ప పని చేయమంటే చేసేవాడివే కదా, ఇంత చిన్నది చేయలేవా అని అడిగారు. నయమాను దిగాడు. ఏడుసార్లు మునిగాడు. అతని ఒళ్లు పసిపిల్లవాడి ఒళ్లులా అయింది.

లోబడ్డాడు, బాగుపడ్డాడు. అయితే ఆ ఏడు మునకలు స్వస్థతకు ఖరీదా? ఖరీదే అయితే ఎలీషా వెండి కూడా పుచ్చుకునేవాడు. నయమాను బతిమాలాడు. ఎలీషా పుచ్చుకోలేదు. మళ్లీ బతిమాలాడు. పుచ్చుకోలేదు. ఉచితంగా ఇచ్చినదానికి రసీదు రాయడు ఆ ప్రవక్త.

వెనకే పరుగెత్తి, ఎలీషా పంపాడని అబద్ధం చెప్పి రెండు తలాంతులు పుచ్చుకున్నవాడు ఎలీషా సేవకుడు గేహజీ. నయమాను కుష్ఠు అతనికి అంటుకుంది. ఇంత పెద్ద శిక్షా అని చదివిన ప్రతిసారీ అనిపిస్తుంది. అబద్ధం ఒక్కటే కాదు కారణం అని నా అభిప్రాయం. దేవుని కృప అప్పుడే రుచి చూసినవాడి ముందు ఆ కృపకు ధర కట్టాడు.

మరి నయమాను ఇష్టమొచ్చినట్టు బతకడానికి వెళ్లిపోయాడా? లేదు. ఇకమీదట యెహోవాకే బలి అర్పిస్తానన్నాడు. ఎవరూ అడగకుండానే అన్నాడు. కృప ముందు, ఈ విధేయత దాని వెనక. పది ఆజ్ఞలైనా అంతే. ఐగుప్తు నుంచి విడిపించాకే దేవుడు సీనాయి దగ్గర ఆజ్ఞలిచ్చాడు. ఎఫెసీ సంఘానికి రాసిన ఉత్తరం 2వ అధ్యాయంలో అపొస్తలుడు పౌలు కూడా కృపచేత రక్షణ అని చెప్పిన తర్వాతే సత్క్రియల సంగతి ఎత్తాడు.

అందుకని ఈ వారం ఒక్క మాట అడుగుతాను. ఆశీర్వాదం కోసం ఉపవాసం ఇంకో రోజు పెంచుదామని, కానుక ఇంకొంచెం పెంచుదామని ఆలోచిస్తున్నారా? మత్తయి 5వ అధ్యాయంలో యేసు ప్రభువు కానుకను బలిపీఠం దగ్గరే వదిలి, ముందు వెళ్లి సహోదరునితో సమాధానపడమన్నాడు. పొలం గట్టు దగ్గర మాట పోయిన అన్నగారు ఉండొచ్చు, పెళ్లి పిలుపు దగ్గర అలిగిన వదినగారు ఉండొచ్చు. ఫోన్ చేయండి. ఉద్యోగం వస్తుందని కాదు, మన అప్పులన్నీ ప్రభువు ముందే క్షమించాడు కాబట్టి చేయండి. వాళ్లు ఎత్తకపోతే రేపు మళ్లీ చేయండి. ఆదివారం దాకా ఆగొద్దు.

సెలవు. వందనాలు.