గీత గీసే ముందు ఆ వీధిలో నడవండి

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, ఆదివారం పనులు మానుకుని వచ్చిన సింగ్‌నగర్, పాయకాపురం అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు వందనాలు. పేర్లన్నీ చదివితే నాకిచ్చిన పది నిమిషాలూ వాటికే సరిపోతాయి.

మన నగరపాలక సంస్థ డివిజన్ల, అంటే ఒక్కో కార్పొరేటరును ఎన్నుకునే వార్డుల, హద్దులు మళ్లీ గీస్తే ఏ లెక్కన గీయాలి? మొదటిది జనాభా. 2011 లెక్కల్లోనే మన బెజవాడ 10 లక్షలు దాటింది. 59 డివిజన్లు 2021 ఎన్నికల నాటికి 64 అయ్యాయి. ఆ లెక్కన సగటున డివిజన్‌కు 16 వేల చిల్లర మంది. ఒకచోట 12 వేల మందికి ఒక కార్పొరేటరు, ఇంకోచోట 24 వేల మందికీ ఒక్కరే అనుకోండి. ఆ రెండోచోటి మనిషికి ఉన్నది సగం ఓటే. సగటుకు అటూ ఇటూ పది శాతం దాటకూడదని నేనంటాను.

రెండోది చెప్పే ముందు ఒక సంగతి చెప్పాలి. 2010 వేసవిలో జనగణన కోసం ఇళ్ల లిస్టింగ్‌కి నన్ను ఎన్యూమరేటరుగా వేశారు. ఇల్లిల్లూ తిరిగి, గోడ మీద నంబరు వేసి, చేత్తో మ్యాపు గీయాలి. నా బ్లాకు చివర ఒక వీధి ఉంది. డివిజన్ హద్దు సరిగ్గా ఆ వీధి నడిమధ్య నుంచి పోయింది. ఎడమ వరస ఒక డివిజను, కుడి వరస ఇంకొకటి. ఎడమవైపు కాలువలో పూడిక తీసి రోడ్డు మీద కుప్ప పోశారు. కుడివైపు కాలువను ముట్టుకోలేదు. మే 20న లైలా తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ వానకి కుప్పంతా కరిగి కుడివైపు గడపల్లోకి వచ్చింది. నేను వెళ్లేసరికి ఒక పెద్దావిడ పాత చేటతో ఆ బురద ఎత్తిపోస్తోంది. "మాస్టారూ, దీనికి మేం ఎవర్నడగాలి?" అంది. నా దగ్గర సమాధానం లేదు. తడి గోడ మీద చాక్‌పీసు నిలవక, నంబరు రెండుసార్లు దిద్ది వచ్చేశాను.

ఆ గీత గీసినవాళ్లు ఆ వీధిలో ఒక్కసారి నడిచి ఉంటే! ఒక్కసారి!

ఇక్కడ ఎదురింటివాళ్ల డివిజన్ వేరేగా ఉన్నవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. దించకండమ్మా, వేదిక మీదివాళ్లు కూడా చూడాలి.

అందుకే నా రెండో మాట: హద్దు వీధి నడుమ పోకూడదు. మనకు కాలువలున్నాయి, రైలు పట్టాలున్నాయి, కొండలున్నాయి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మన మీద పడ్డప్పుడు, ఫ్లైఓవర్ దిగితే నీళ్లు, ఎక్కితే పొడి నేల. ఏ పేటకు ఏ పేట పొత్తో ఆ రోజు పడవ ఎక్కిన ప్రతివాళ్లకీ తెలిసింది. మునిగితే కలిసి మునిగే ఇళ్లు ఒకే డివిజన్‌లో ఉండాలి.

ఇంకొకటి, ఇది కాస్త గట్టిగానే చెబుతాను. ఎస్సీ రిజర్వేషన్ జనాభా దామాషాను బట్టి వస్తుంది. ఒక ఎస్సీ కాలనీని మూడు ముక్కలు చేసి మూడు డివిజన్లలో కలిపితే, మూడుచోట్లా వాళ్లు తక్కువే అవుతారు. కాలనీని చీల్చకూడదు. ఎవరి సౌకర్యం కోసమైనా సరే, చీల్చకూడదు.

ముసాయిదా ప్రకటన వస్తే అభ్యంతరాలు అడుగుతారు. నోటితో చెబితే నిలవదు, కాగితం మీద పెట్టాలి. మీ వీధి, ఇంటి నంబరు, మీ ఇంటి ముందు కాలువ ఎటు పారుతుందో ఇప్పుడే రాసి ఉంచుకోండి. గుమ్మం పక్కన బల్ల మీద కాగితాలున్నాయి. పెన్నులు నేనే తెచ్చాను. రాయడం రానివాళ్లు నా దగ్గరికి రండి, రాసిపెడతాను.