అవధాన్లుకే ఇంగ్లీషు వస్తే గిరీశం ఏం కావాలి?

నమస్కారం. ఈసారి సినిమా కాదు, నాటకం. గురజాడ అప్పారావు కన్యాశుల్కాన్ని ‘ఈ తరానికి అర్థమయ్యే భాషలో’ రెండున్నర గంటలకు కుదించి ఆడితే చూసి వచ్చాను. బృందం పేరు చెప్పను. కుర్రవాళ్లు, కష్టపడ్డారు.

కుదించడం మీద నాకు పేచీ లేదు. ఏడంకాలూ ఉన్నదున్నట్టు ఆడితే తెల్లవారుతుంది. పేచీ అంతా మాటలు మార్చడం మీదే.

అగ్నిహోత్రావధాన్లు ఇంట్లో ఆయన కొడుకు వెంకటేశం, వాడికి చదువు చెబుతానని వచ్చిన గిరీశం ఇంగ్లీషులో మాట్లాడుకునే ఘట్టం గుర్తుంది కదా? బట్టీ పట్టిన పద్యపాదాలూ, రేఖాగణితం ముక్కలూ ఒకరి మీదికొకరు విసురుకుంటారు. అర్థం శూన్యం. వింటున్న తండ్రికి మాత్రం అదంతా చదువే! ఈ ప్రదర్శనలో ఆ అవధాన్లే అంతకు ముందు ‘ఫీజులు’, ‘టెన్షన్’, ‘అడ్జస్ట్’ అంటూ తిరిగాడు. అంత ఇంగ్లీషు నోట్లో ఉన్న మనిషి ఈ బురిడీకి ఎలా పడతాడండీ? హాలు నవ్వింది, కాదనను. గిరీశం వేషాలకు నవ్వింది. అవధాన్లు మోసపోతున్నాడన్న సంగతే ఎవరికీ తట్టలేదు.

నాటకం మొదలే ‘సాయంకాలవైఁంది’ అని ఉంటుంది. ఆ అరసున్న గురజాడ వ్యాకరణం కోసం పెట్టింది కాదు, విజయనగరం వైపు ముక్కుతో పలికే ఆ పలుకు కోసం పెట్టింది. వీళ్లు ‘సాయంత్రం అయిపోయింది’ అన్నారు. పొద్దు గుంకిన సంగతి తెలిసింది గానీ, మాట్లాడేవాడిది ఏ ఊరో తెలియలేదు.

‘గురజాడే తిరగరాశాడు కదా’ అంటారు. నిజమే. 1892లో ఆడి, 1897లో అచ్చయిన నాటకం 1909 నాటికి దాదాపు కొత్తదైంది. వేశ్య మధురవాణి పాత్ర ఎంత ఎదిగిందో చూడండి! కానీ ఆ తిరగరాతలో భాష పలచబడలేదు.

పద్యనాటకం వాళ్లకు ఈ గొడవే లేదు. ఛందస్సులో కూర్చున్న మాట కదలదు. సమాసాలన్నీ విప్పుకుని వినేవాళ్లెందరు? అయినా పాండవోద్యోగ విజయాల్లో ‘బావా ఎప్పుడు వచ్చితీవు’ అని అందుకోగానే వన్స్ మోర్ అంటారు.

నేను చూసిన ప్రదర్శనలో మధురవాణి వేసిన అమ్మాయి ఒక్కతే పాత మాటలను చాలావరకు ఉంచుకుంది. తన కంటె తెచ్చి ఇవ్వమని, తనను ఉంచుకున్న రామప్పంతులును నిలదీసే చోట నా వెనక వరుసలోని కాలేజీ పిల్లలు సరిగ్గా నవ్వవలసిన చోటే నవ్వారు. కంటె అంటే ఏమిటని ఎవరూ పక్కవాళ్లను అడగలేదు, ఆమె చెయ్యి మెడ దగ్గరికి వెళ్లిందిగా! మరీ తెలియని మాటలుంటే ఒక కాగితం మీద అర్థాలు అచ్చువేసి గేటు దగ్గర పంచవచ్చు. ఖర్చెంతని?

అయిదుకు మూడు మార్కులు. అందులో రెండు ఆ అమ్మాయివే. వచ్చే ప్రదర్శనకు అవధాన్లు నోట్లోంచి ఇంగ్లీషు తీసేస్తే నేను మళ్లీ టికెట్ కొంటాను.