చెల్లెలి గుండె కాల్చిన ఊరు

శ్రోతలకు నమస్కారం.

రక్తం తాగే దయ్యాల గురించి మాట్లాడమన్నారు. ఇచ్చిందేమో ఏడు నిమిషాలు. అందుకని సెర్బియా పల్లెల్లో 1725లోనూ, 1732లోనూ సమాధులు తవ్వి శవాలను చూసి ఆస్ట్రియా అధికారులు రాసుకున్న నివేదికలన్నీ పక్కన పెట్టేస్తున్నాను. ఒక్క కథే చెబుతాను. ఇందులో కొండమీద కోట లేదు, కోరపళ్లు లేవు. ఒక రైతు ఇల్లుంది. ఆ ఇంట్లో దగ్గుంది.

అమెరికాకు ఈశాన్యంలో రోడ్ ఐలండ్ అని ఒక బుల్లి రాష్ట్రం. అందులో ఎగ్జిటర్ అనే పల్లె. అక్కడ జార్జ్ బ్రౌన్ అని ఒక రైతు. 1883 డిసెంబరులో ఆయన భార్య మేరీ చనిపోయింది. దగ్గి దగ్గి, చిక్కి చిక్కి పోయింది. ఆరు నెలలు తిరక్కుండానే పెద్దకూతురు మేరీ ఆలివ్ పోయింది. ఇరవయ్యేళ్ల పిల్ల. అదే దగ్గు. కొన్నేళ్లకు కొడుకు ఎడ్విన్‌కి మొదలైంది. బలమైన కుర్రాడు. గాలి మార్పుకని కొలరాడో పంపారు. మనవాళ్లు మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం ఆసుపత్రికి వెళ్లేవారు చూడండి, అలా. అతను అక్కడుండగానే ఇక్కడ చెల్లెలు మెర్సీ మంచం పట్టింది. 1892 జనవరి 17న పోయింది. పందొమ్మిదేళ్లు.

ఎడ్విన్ నయం కాకుండానే తిరిగొచ్చాడు. ఇంకా చిక్కిపోయాడు.

ఇక ఊళ్లో గుసగుసలు మొదలయ్యాయి. ఒకే ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు ఎందుకు పోతున్నారు? పోయినవాళ్లలో ఎవరో ఒకరు పూర్తిగా పోలేదు. సమాధిలో ఉండి, బతికున్నవాడి ప్రాణం పీల్చుకుంటున్నారు. తవ్వి చూడాలి. ఎవరి గుండెలో నెత్తురు కనిపిస్తే ఆ గుండె కాల్చాలి. అప్పుడు కుర్రాడు బతుకుతాడు. ఇదీ వాళ్ల లెక్క.

జార్జ్‌కి ఇందులో నమ్మకం లేదు. అయినా ఒప్పుకున్నాడు. ఇరుగుపొరుగు రోజూ వచ్చి "నీ కొడుకు కోసమేగా" అంటుంటే, భార్యనీ ఇద్దరు కూతుళ్లనీ పోగొట్టుకున్న మనిషి ఏమంటాడు చెప్పండి? ఒప్పుకున్నాడు గానీ, శ్మశానానికి మాత్రం రాలేదు.

మార్చి 17. తవ్వారు. తల్లి, పెద్దకూతురు దాదాపు ఎముకలై ఉన్నారు. పోయి ఇంచుమించు ఎనిమిదేళ్లు కదా. మెర్సీ మాత్రం మెర్సీలాగే ఉంది. పోయి రెండు నెలలు. అదీ నడి చలికాలం, నీళ్లు గడ్డకట్టే రోజులు. పాడవకపోవడంలో వింత లేదు. మెట్కాఫ్ అనే డాక్టరు అక్కడే ఉన్నాడు. శవాన్ని పరీక్షించి, ఇది మామూలేనయ్యా, ఊపిరితిత్తుల్లో క్షయ ఆనవాళ్లున్నాయి చూడండి అని చెప్పాడు. వాళ్లు గుండె వైపే చూశారు. గుండెలో నెత్తురుంది. అంతే. గుండె, కాలేయం తీసి బండమీద కాల్చారు. ఆ బూడిద నీళ్లలో కలిపి ఎడ్విన్‌తో తాగించారు.

చెల్లెలి గుండె బూడిద. తాగాడు.

మే 2న చనిపోయాడు.

నన్ను వదలని విషయం ఇంకొకటుంది. బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ అనే శాస్త్రవేత్త లేచి నిలబడి, క్షయకు కారణం ఇదిగో ఈ క్రిమి అని చూపించింది 1882 మార్చి 24న. మెర్సీ శవాన్ని బయటికి తీసేనాటికి, పదేళ్లకు వారం తక్కువ. కబురు డాక్టరు దాకా వచ్చింది, ఊరి దాకా రాలేదు.

మరి ఆ ఊరివాళ్లను మూర్ఖులందామా? నాకు మనసొప్పదు. మొదటి మాట వాళ్లు సరిగానే పట్టారు. ఈ జబ్బు ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి వస్తుంది. నిజమే. మనిషిని లోపల్నుంచి తినేస్తుంది. అదీ నిజమే. మన భాషలో దాని పేరే క్షయ, తరిగిపోవడం. చంద్రుడికి దక్షుడు పెట్టిన శాపమని మనవాళ్లూ కథ చెప్పుకున్నారు. ఎగ్జిటర్ వాళ్లు చూసింది సరైనదే, వెతికిన చోటే తప్పు. దగ్గుతున్న మనిషి చుట్టూ ఉన్న గాలిలో వెతకాల్సింది పోయి, సమాధిలో వెతికారు.

మా ఇంట్లోనూ అదే జరిగింది. మా చిన్నతాతయ్యకు ఆ జబ్బు. పేరు ఎవరూ పలికేవారు కాదు, "ఆ జబ్బు" అంతే. ఆయన గ్లాసు వేరు, కంచం వేరు, వసారాలో గూట్లో పెట్టేవాళ్లు. పిల్లలం ముట్టుకుంటే వీపు చిట్లేది. ఆయన గది కిటికీ మాత్రం ఎప్పుడూ మూసే ఉండేది, ఎవరైనా చూస్తారేమోనని. గ్లాసుతో రాదు ఆ జబ్బు. గాలితో వస్తుంది. దాచాల్సిన అవసరం లేని గ్లాసును దాచి, తెరవాల్సిన కిటికీ మూశాం. మేమూ వేరేచోట వెతికినవాళ్లమే.

సరే, టైము దగ్గరపడింది. దయ్యాల సంగతి వదిలేసి ఒక్క పని చెబుతాను. ఇంట్లో ఎవరికైనా రెండు వారాలకు మించి దగ్గుందా? రెండు వారాలు. సాయంత్రం పూట సన్నగా జ్వరం, ఒళ్లు తగ్గడం ఉంటే మరీ ఆలస్యం వద్దు. ప్రభుత్వ ఆసుపత్రిలో తెమడ పరీక్ష ఉచితం. మామూలు క్షయకు మందులు ఆరు నెలలు, అవీ ఉచితమే. తిండి కోసం నెలకు 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తారు. ఎడ్విన్‌కి ఇవేవీ లేవు.

తెమడ పరీక్షకు చిన్న డబ్బా ఇస్తారు. చాలామంది అందులో ఉమ్మి వేసి ఇచ్చేస్తారు. ఉమ్మి కాదు, తెమడ. పొద్దున్నే నోరు నీళ్లతో పుక్కిలించి, ఇంటి బయటికి వచ్చి, రెండు మూడు సార్లు గాలి బాగా లోపలికి పీల్చి, ఛాతీ లోపల్నుంచి దగ్గి తీయండి. చిక్కగా ఉండాలి. మూత బిగించి, ఆ రోజే ఇచ్చి రండి. గది కిటికీ...

అద్దం అవతల నుంచి చెయ్యి ఊపుతున్నారు. గది కిటికీ తెరిచి పెట్టండి. సెలవు.