జబ్బ కొలత 11.5 కన్నా తగ్గితే

నమస్తే. నా చేతిలో ఉన్న ఈ పట్టీ చూడండి. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. అంగన్‌వాడీ టీచర్లు వాడేది ఇదే. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకు ఎడమ జబ్బకు, భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యలో చుట్టి చూస్తారు. 11.5 సెంటీమీటర్ల కన్నా తగ్గితే ఎరుపు. అంటే తీవ్ర పోషకాహార లోపం.

ఇదంతా ఆఫ్రికా సంగతి అనుకుంటాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. తెలంగాణలో ఐదేళ్ల లోపు పిల్లల్లో 8.5 శాతం మంది తీవ్రంగా చిక్కిపోయారు. దేశం సగటు 7.7. నల్లగొండ మార్కెట్లలో వడ్ల రాశులు పోసే రాష్ట్రంలో ఈ లెక్క. నాకు మింగుడు పడదు.

ఇంకో రకం బిడ్డ ఉంటాడు. చూస్తే బొద్దుగా కనిపిస్తాడు. "ఒళ్లు చేసిండు" అనుకుంటారు. అది నీరు. రెండు పాదాలూ ఉబ్బి, వేలితో నొక్కితే గుంట పడి వెంటనే పూడకపోతే, జబ్బ కొలత ఎంత వచ్చినా సరే, దవాఖానకు తీసుకుపోవాల్సిందే. మన దగ్గర పక్షిదోషం అని తాయత్తు కట్టిస్తారు. కట్టుకోండి, నేను కాదనను. వాతలు మాత్రం పెట్టొద్దు. తాయత్తు కట్టిన రోజే ఈ పట్టీ కూడా చుట్టించండి.

ఇక అమ్మమ్మలు, నాయనమ్మలు వినాలి. ఎండిపోయిన బిడ్డను చూసి కడుపునిండా అన్నం, గుడ్లు, మాంసం పెట్టాలనిపిస్తుంది. అది ప్రేమే. కానీ చాలా రోజులు తిండి లేని ఒంట్లో గుండె, కిడ్నీలు నెమ్మదించి ఉంటాయి. ఒక్కసారిగా తిండి పడితే రక్తంలో పొటాషియం, ఫాస్ఫరస్ పడిపోయి ప్రాణమే పోవచ్చు. అందుకే ప్రాణాపాయంలో ఉన్న పిల్లలను చేర్చే పోషకాహార పునరావాస కేంద్రంలో, అదే ఎన్నార్సీలో, మొదట 100 మిల్లీలీటర్లకు 75 కేలరీలే ఉండే పాలు, రెండు మూడు గంటలకోసారి కొంచెం కొంచెంగా పడతారు. రాత్రి కూడా లేపి పడతారు, లేకపోతే చక్కెర పడిపోతుంది, ఒళ్లు చల్లబడుతుంది. ఈ పిల్లలకు లోపల ఇన్‌ఫెక్షన్ ఉన్నా జ్వరం రాకపోవచ్చు. "జ్వరం లేదు కదా" అని ఇంట్లోనే ఉంచుకోకండి. ఆకలి తిరిగొచ్చాకే తిండి పెంచుతారు.

ఇదంతా తెలిసినా మా పాలమూరులో, అదే మహబూబ్‌నగర్‌లో, చిక్కు వేరే ఉంది. కూలీలను వలస పనులకు తీసుకుపోయే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్న తల్లి ఎన్నార్సీలో రెండు వారాలు ఎట్లా కూర్చుంటుంది? ఆమెకు బిడ్డ మీద ప్రేమ లేక కాదు, ఆ అప్పు ఎవరు తీరుస్తారు? అక్కా, ఒకటి గుర్తుపెట్టుకో. ఎన్నార్సీలో బిడ్డతో ఉన్న తల్లికి పోయిన కూలి కింద కొంత డబ్బు ఇవ్వాలని జాతీయ ఆరోగ్య మిషన్ నిబంధనల్లో ఉంది. అడగడానికి మొహమాటపడకు.

వలస పోయేటప్పుడు అంగన్‌వాడీ టీచర్‌తో పోషణ్ ట్రాకర్ యాప్‌లో బిడ్డ వివరాలు మార్పించుకో. ఇక్కడ అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం పిండి తీసుకుంటున్న బిడ్డ ముంబైకో పుణెకో పోయినా, అక్కడి అంగన్‌వాడీలో పేరు ఎక్కించుకోవచ్చు. మేస్త్రీలు కూడా ఈ వీడియో చూస్తుంటారు. అన్నా, బండి ఎక్కించే ముందు కూలీల పేర్లతోపాటు వాళ్ల పిల్లల పేర్లు, వయసు రాసుకోండి. సైటు దగ్గర అంగన్‌వాడీ ఎక్కడుందో కనుక్కోవడం మీకు ఒక్క ఫోన్ పని.