ఒక క్లాస్‌ని నెర్ఫ్ చేయడానికి ఇన్నాళ్లెందుకు?

"ఒక్క నంబర్ తగ్గిస్తే పోయేదానికి నెలలు పడుతుందా? డెవలపర్లకి బద్ధకం!" ఆటలో బలం మరీ ఎక్కువైన క్లాస్‌ని (పాత్ర రకాన్ని) నెర్ఫ్ చేయడం, అంటే దాని బలం తగ్గించడం, ఆలస్యమైతే ప్లేయర్లు అనే ఈ మాట వింటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఎందుకంటే అందులో సగం నిజం. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ గేమ్‌లో ఏ దెబ్బ ఎంత తగలాలన్న లెక్క సర్వర్‌లోనే జరుగుతుంది. అక్కడ నంబర్ మారిస్తే చాలు, మనం ఏదీ డౌన్‌లోడ్ చేసుకోనక్కర్లేదు. హాట్‌ఫిక్స్ అనేది దీన్నే.

మరి ఆలస్యం ఎక్కడ? ఒకసారి గల్లీ క్రికెట్‌కి రండి. ఒకడు ప్రతి బంతినీ ఎదురింటి గోడ అవతలికి కొడుతున్నాడు. మనమేం చేశాం? "డైరెక్ట్‌గా గోడ దాటితే అవుట్" అన్నాం. పది సెకన్లలో నెర్ఫ్! కానీ ఆ రూలుకి, ఆ రోజే మొదటిసారి బంతి లేపిన చిన్నోడు కూడా అవుటయ్యాడు.

ఇప్పుడు 2008 అక్టోబర్ 14. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌కి 3.0.2 ప్యాచ్ (అప్‌డేట్) వచ్చింది, రెట్ పాలడిన్ (దెబ్బలు కొట్టడమే పనిగా ఉన్న పవిత్ర యోధుడు) చెలరేగిపోయాడు. దూరం నుంచే సుత్తితో స్టన్ చేస్తాడు (కదలకుండా చేస్తాడు), దెబ్బ పెంచే రెక్కలు విప్పుతాడు, జడ్జ్‌మెంట్ అనే దెబ్బ ఒకటి, డివైన్ స్టార్మ్ అనే దెబ్బ ఒకటి... మనకి కదలిక వచ్చేసరికి నేల మీద ఉన్నాం. ఇది అందరి కళ్ళకీ కనిపించింది కాబట్టి నెల తిరక్కముందే కోత పడింది.

అయితే అదే పాలడిన్ రెయిడ్‌కీ (ప్లేయర్లు గుంపుగా కలిసి పెద్ద బాస్‌లని కొట్టే చోటికి) వెళ్తాడు. బాస్ స్టన్ అవడు, ఫైట్ నిమిషాల తరబడి సాగుతుంది. పీవీపీలో (ప్లేయర్లు ఒకరితో ఒకరు తలపడే పోరులో) మనల్ని ఏడిపించింది ఆ కొన్ని సెకన్ల బాదుడు. రెయిడ్‌లో కావాల్సింది నిలకడ. రెండింటికీ ఒకే నంబర్ తగ్గిస్తే గోడే లేని మైదానంలో గోడ రూలు పెట్టినట్టే. ఇప్పుడు ప్యాచ్ నోట్స్‌లో "ఈ మార్పు పీవీపీకి వర్తించదు" అని కనిపిస్తుంది చూడండి, నన్నడిగితే బ్యాలెన్స్ విషయంలో వాళ్ళు చేసిన గొప్ప పని అదే.

నంబర్‌తో తేలని జబ్బులూ ఉంటాయి. గేమ్ వచ్చింది 2004 నవంబర్‌లో. డ్రూయిడ్ అనే క్లాస్ టాలెంట్లు (ప్లేయర్ ఎంచుకునే నైపుణ్యాలు) తిరగరాసింది 2005 అక్టోబర్‌లో, 1.8 ప్యాచ్‌తో. రోగ్ అనే ఇంకో క్లాస్ వంతు 2006 ఆగస్టులో, 1.12తో. ఒక్కో ప్యాచ్‌కి ఒకటో రెండో క్లాసులు. అది రూలు మార్చడం కాదండీ, పిచ్ తవ్వి మళ్ళీ వేయడం!

టైమ్ అయిపోతోంది, రెండు ముక్కల్లో చెప్పేస్తా. 2023 జులైలో ఎవోకర్ క్లాస్‌కి ఆగ్మెంటేషన్ అనే కొత్త స్పెక్ (క్లాస్‌లో ఒక రకం) వచ్చింది. తన దెబ్బ తక్కువ, పక్కవాళ్ళ దెబ్బ పెంచుతుంది. నాన్-స్ట్రైకర్ పరిగెత్తించి తెచ్చిన పరుగులన్నీ బ్యాటర్ ఖాతాలో పడినట్టు, ఎవరు ఎంత కొట్టారో చూపే మామూలు డ్యామేజ్ మీటర్‌లో ఆ ఘనత పక్కవాళ్ళకే పోయింది. ముందు కొలవాలి కదా, తర్వాతే తగ్గించడం. నెలల తరబడి పై స్థాయి మిథిక్ ప్లస్‌లో (ఐదుగురు కలిసి టైమర్‌తో పోటీపడే ఆటలో) ఆ స్పెక్ లేని గ్రూపు అరుదైపోయింది.

ఇంకొకటి, ఏ నంబరో తెలిసినా చాలాసార్లు వారపు రీసెట్ (బాస్‌లు వారానికోసారి మళ్ళీ కొత్తగా వచ్చే రోజు) దాకా ఆగుతారు. అమెరికాలో మంగళవారం, యూరప్‌లో బుధవారం. వారం మధ్యలో మారిస్తే, నిన్న ఒక గిల్డ్ (ప్లేయర్ల జట్టు) కొట్టిన బాస్‌ని ఇవాళ ఇంకో గిల్డ్ వేరే లెక్కతో కొట్టాలి. ఓవర్ మధ్యలో రూలు మారిస్తే బ్యాట్ తెచ్చినవాడు బ్యాట్ తీసుకుని ఇంటికెళ్ళిపోతాడు.