గోడ మీద జిడ్డు చారలు ఎక్కడి నుంచి వస్తాయి?

(తెరపై: అమలాపురంలో ఒక డాబా బయటి గోడ, ముసురు పట్టిన ఉదయం)

నమస్కారం. కోనసీమలో వానాకాలం బయటి గోడకి ఎమల్షన్ రంగు వేయిస్తే, ఒక్కోసారి పైనుంచి కిందికి మెరిసే చారలు జారతాయి.

(క్లోజప్: చార మీద తడి వేలు)

చూడండి, జారుతోంది, కాస్త నురగ కూడా వస్తోంది. వెంటనే నీళ్లతో కడిగితే చాలావరకు పోతుంది. పాపం, మాట పడేది పెయింటరే. కానీ ఇది రంగులోంచి బయటికొచ్చిన సబ్బు, అంటే సర్ఫాక్టెంట్.

ఎమల్షన్ రంగుకి పట్టునిచ్చేది లేటెక్స్. నీళ్లలో తేలే పాలిమర్ రేణువులు, ఒక్కోటి సుమారు 100–200 నానోమీటర్లు. నీళ్లు, సోడియం లారిల్ సల్ఫేట్ లాంటి సర్ఫాక్టెంట్, స్టైరీన్, బ్యూటైల్ అక్రిలేట్ లాంటి మోనోమర్లు (కలిసి పాలిమర్ గొలుసు కట్టే చిన్న అణువులు) రియాక్టర్‌లో వేసి, 80 డిగ్రీల ప్రాంతంలో, చర్యని మొదలుపెట్టే పర్సల్ఫేట్‌తో చర్య నడుపుతారు. సర్ఫాక్టెంట్ రేణువుల చుట్టూ చేరి అన్నిటికీ ఒకే రకం చార్జ్ ఇస్తుంది. అందుకే అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, గడ్డకట్టవు.

అయితే అది రేణువుని ఆనుకుని ఉంటుందే గానీ అతుక్కుని ఉండదు. పంపులో గట్టిగా చిలికినా, ఉప్పు తగిలినా రేణువులకి ఆ కాపు చాలకపోవచ్చు. గోడ మీదైతే, గాలిలో తేమ వల్ల రంగు ఆరడం ఆలస్యమవుతుంది. ఈలోపు పడ్డ మంచో జల్లో ఆ సబ్బుని కరిగించి కిందికి జారుస్తుంది.

దీనికి ఒక విరుగుడు రియాక్టివ్ సర్ఫాక్టెంట్. దానికి అదనంగా ఒక ద్విబంధం, అంటే మోనోమర్లతో కలిసే కొక్కెం లాంటిది, ఉంటుంది. దాంతో అది పాలిమర్ గొలుసులోనే భాగమైపోతుంది. రేవులో గుంజకి కట్టిన పడవలాగా, నీళ్లొచ్చినా కొట్టుకుపోదు.

ఇక్కడ అసలు చిక్కు టైమింగ్‌ది, అంటే ఎప్పుడు అతుక్కుంటుందన్నది. ద్విబంధం ఉన్న భాగాన్ని బట్టి ఈ సర్ఫాక్టెంట్లలో రకాలున్నాయి. మెథాక్రిలేట్ రకం తొందరపడి ముందే కలిసిపోతే రేణువు లోపల కూరుకుపోతుంది, పైన కాపలా ఉండదు. అల్లైల్ రకం మరీ నెమ్మది. కొంత కలవకుండా మిగిలిపోతుంది, చర్య వేగాన్నీ తగ్గిస్తుంది. నా ఓటు మేలియేట్‌కి. అది తనతో తాను గొలుసు కట్టడం అరుదు కాబట్టి, రేణువులు పెరిగేదాకా పైనే ఉండి చివర్లో ఎక్కువగా అతుక్కునేలా చూసుకోవచ్చు.

(తెరపై: రెండు గాజు పలకలు, రెండు సీసాలు)

కాలేజీ ల్యాబ్‌లో పోల్చి చూడాలంటే, మామూలు సర్ఫాక్టెంట్‌తో చేసినదీ, రియాక్టివ్‌తో చేసినదీ, ఈ రెండు రకాల లేటెక్స్‌నీ చెరో పలక మీద పూసి పూర్తిగా ఆరనివ్వండి. విడివిడిగా డిస్టిల్డ్ వాటర్‌లో ఒక రాత్రి నానబెట్టండి. ఏ పొర ఎక్కువ తెల్లబారిందో చూడండి. తర్వాత ఆ నీళ్లని సీసాల్లో పోసి గిలక్కొట్టండి. నురగ ఎక్కువసేపు నిలబడిన సీసా ఏ పలకదో, సబ్బు ఎక్కువ వదిలింది ఆ లేటెక్సే.