మూడో అంతస్తుకు మెట్లున్నాయి

పెద్దలకి, మాస్టార్లకి, పిల్లలకి నమస్కారం. ఇంకా చాలామంది పేర్లు చెప్పాలని కాగితం ఇచ్చారు. అది జేబులోనే ఉంటుంది, ఏమీ అనుకోకండి.

డెవాప్స్ గురించి మాట్లాడమన్నారు, అంటే కోడ్ రాసేవాళ్లూ దాన్ని సర్వర్ల మీద నడిపేవాళ్లూ కలిసి పనిచెయ్యడం. డాకర్, జెన్‌కిన్స్ లాంటి పనిముట్లు మీకు నాకన్నా బాగా వచ్చు. నాకో రాత్రి గురించి చెప్పాలనుంది.

రుషికొండ మీద మా ఆఫీసు. కోడ్ రాసేవాళ్లు మూడో అంతస్తు, సర్వర్లు చూసుకునే మేం ఒకటో అంతస్తు. శుక్రవారం సాయంత్రం ఆరింటికి కొత్త కోడ్ రిలీజు కిందికి దిగింది, వాళ్లు బీచ్‌కి దిగారు. రాత్రి ఒంటిగంటన్నరకి నా ఫోను మోగింది. డిస్కు నిండిపోయింది. డీబగ్ లాగులు, అంటే తప్పులు వెతకడానికి ప్రోగ్రామ్ అడుగడుక్కీ రాసుకునే చిట్టాలు, ఆఫ్ చెయ్యకుండా రిలీజు పంపేశారు. మార్చాల్సింది ఒక్క లైను, దాన్ని ముట్టుకునే హక్కు నాకు లేదు. మార్చమని టికెట్ పెట్టాను. 'మా టీమ్‌ది కాదు' అని తిరిగొచ్చింది. ఇంకో టీమ్ క్యూకి పంపాను. అదీ తిరిగొచ్చింది. తెల్లారేదాకా పాత లాగులు చెరుపుతూ కూర్చున్నాను, పడవలో నీళ్లు తోడినట్టు.

నా తప్పూ చెప్పాలి. ఆ కోడ్ రాసిన కుర్రాడి నంబరు నా దగ్గరుంది. పంతం కొద్దీ ఫోను చెయ్యలేదు.

మాది పెదజాలారిపేట, విశాఖలో జాలర్ల పేట. వేటకెళ్లినవాళ్లే ఒడ్డున కూర్చుని వల బాగుచేసుకునేవారు. ఏ కన్ను తెగిందో వాళ్ల వేళ్లకే తెలుసు. వల అల్లేవాళ్లకో డిపార్ట్‌మెంటు, వేసేవాళ్లకో డిపార్ట్‌మెంటు అంటే మా నాన్న నవ్వేవాడు.

మనుషులు ఎలా మాట్లాడుకుంటారో వాళ్లు కట్టే సిస్టమ్ అలాగే ఉంటుందని మెల్విన్ కాన్వే అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1968లోనే రాశాడు. ముందు హార్వర్డ్ బిజినెస్ రివ్యూకి పంపితే, రుజువు లేదని తిప్పి పంపారు. మా ఆఫీసుకొస్తే చూపించేవాణ్ణి! అమెజాన్‌లో టెక్నాలజీ చూసుకునే పెద్ద వెర్నర్ వోగెల్స్ 2006లో, కట్టినవాళ్లే నడపాలన్నాడు. 2009లో బెల్జియంలోని ఘెంట్‌లో మొదటి డెవాప్స్‌డేస్ సదస్సు జరిగింది, రాసేవాళ్లకీ నడిపేవాళ్లకీ మధ్య గోడ తియ్యడానికి. మనవాళ్లేం చేశారు? ఆ ఇద్దరి మధ్య 'డెవాప్స్ టీమ్' అని ఇంకోటి పెట్టారు. దానికి రెండో అంతస్తు ఇచ్చారు.

నవ్వుతారేంటి, నిజం!

తర్వాత పోట్లాడి, రాత్రిపూట వచ్చే ఫోను ఎత్తడానికి కోడ్ రాసేవాళ్లకీ వంతులేశాం. మొదటి వారం ఆ కుర్రాడి వంతే. రెండు రాత్రులు లేచాడు. మూడోరోజు లాగులకి హద్దు వాడే పెట్టేశాడు, ఎవరూ అడగలేదు. మేనేజర్లు ఎవరైనా ఉంటే వినండి: రాత్రి లేచినవాడికి పొద్దున సెలవివ్వండి, లేకపోతే ఇదీ వెట్టిచాకిరే అవుతుంది.

టైమైందని చెయ్యి చూపిస్తున్నారు. ఒక్క నిమిషం. ఫైనలియర్ వాళ్లు, మీరు రాసిన ప్రాజెక్టుని మీరే సర్వర్ మీద పెట్టి నెలరోజులు నడిపినవాళ్లు చెయ్యెత్తండి.

నలుగురు. టీ దగ్గర నన్ను కలవండి, మీ నంబర్లు రాసుకుంటాను.